మా వంటింటి గట్టు పుట్టింటికి మూడు రోజులు

మా వంటింటి గట్టు వల్లే ఈ ప్రయాణం జరిగిందంటే ఎవరూ నమ్మరు గానీ, నిజం అదే. నాన్న ఇల్లు కట్టించినప్పుడు వేయించిన కడప నల్లబండ అది. ఇప్పుడు దాని నిండా తెల్లటి మరకలు. పీకేసి గ్రానైట్ వేయిద్దామని అమ్మ, బాగానే ఉంది కదా అని నేను. ఈ గొడవ నడుస్తుండగానే ఆఫీసులో ఒకాయన ఒక మెసేజ్ చూపించాడు. మూడు రోజుల ట్రిప్పు. ఓర్వకల్లు, యాగంటి, బెలుం, గండికోట. రాళ్ల గురించి చెప్పడానికి వెంట రిటైరయిన జియాలజీ లెక్చరర్ ఒకరు వస్తారట. "కడప బండ ఎక్కడ పుడుతుందో చూపిస్తాను, వస్తావా?" అని అమ్మని అడిగాను.

"యాగంటి ఉందిగా, వస్తాను" అంది.

మొదటి రోజు

నవంబరు చివరి వారం. తెల్లవారుజామున అయిదింటికి హైదరాబాద్‌లో టెంపో ట్రావెలర్ ఎక్కాం. డ్రైవరు, మాస్టారు కాక పన్నెండుమందిమి. కృష్ణ దాటి, తుంగభద్ర దాటి, కర్నూల్లో దిగేసరికి తొమ్మిదిన్నర. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగులకి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి ఇచ్చేదాన్ని టిఫిన్ అని ఒప్పుకోవడానికి అమ్మకి రెండు ముద్దలు పట్టింది. మూడో ముద్ద నుంచి ఇంకేం మాట్లాడలేదు.

ఓర్వకల్లు రాతివనం కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే హైవే పక్కనే, ఇరవై కిలోమీటర్లు దాటాక వస్తుంది. రోడ్డు మీద నుంచి చూస్తే మామూలు గుట్టలే. లోపలికి వెళ్లాక మాత్రం మడుగు చుట్టూ రాళ్లు ఒకదాని మీద ఒకటి, పడిపోతాయేమో అన్నట్టు నిలబడి ఉంటాయి. కొన్ని నిలువుగా చీలి, మధ్యలో మనిషి పట్టేంత సందు. సినిమావాళ్లు ఇక్కడికి ఎందుకొస్తారో చెప్పక్కర్లేదు, సెట్టు ఖర్చు మిగులుతుంది. రాయి గట్టిది, గరుకు. అరచెయ్యి ఆనిస్తే ఉప్పుకాగితంలా తగిలింది.

ఓర్వకల్లు పేరులోని 'కల్లు' అంటే రాయేనని మాస్టారి ఊహ. తాగే కల్లు అనుకున్న కుర్రాళ్లు నిరాశపడ్డారు. "సన్నికల్లులో ఉన్న కల్లు ఏమిటనుకున్నారు మరి?" అన్నారాయన. ఎన్నేళ్లుగానో నోట్లో నానుతున్న మాటలో రాయి ఉందని నాకూ అప్పుడే తట్టింది.

అక్కడ గంటకు మించి ఉండలేకపోయాం. ఎండ నవంబరు ఎండలా లేదు.

పాణ్యం దగ్గర హైవే వదిలి బనగానపల్లె దారి పట్టాం. మామిడికి పేరు పెట్టిన ఊళ్లోకి మామిడి లేని కాలంలో వెళ్లడం ఎంత తెలివైన పనో వేరే చెప్పనక్కర్లేదు. ఊరు దాటాక కొండలు రెండు పక్కల నుంచీ దగ్గరికొచ్చేసి, వాటి ఒడిలో యాగంటి కనబడుతుంది. వెనకాల కొండ ఎర్రగా, నిలువుగా, పొరలు పొరలుగా లేచి ఉంటుంది. ఆ అంచుల్లోనే సహజంగా ఏర్పడిన గుహలు. ఒకదాంట్లో వెంకటేశ్వరస్వామి, ఇంకొకటి అగస్త్యుడు తపస్సు చేసుకున్నదట, మరొకటి బ్రహ్మంగారి గుహ. మెట్లు నిటారుగా ఉన్నాయి. అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి మర్చిపోయి ఎక్కేసింది, దిగేటప్పుడు గుర్తొచ్చింది.

కొండలోంచి వచ్చే నీరు నంది నోట్లోంచి కోనేట్లోకి పడుతూ ఉంటుంది. ఎండాకాలం కూడా ఆగదని పూజారి చెప్పారు. నీళ్లు చల్లగా, అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి. అగస్త్యుడి శాపం వల్ల ఇక్కడ కాకులు వాలవని చెబుతారు. మా బృందంలో ఆరో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. వాడు సాయంత్రం దాకా ఆకాశం వంకే చూస్తూ తిరిగాడు. ఒక్క కాకీ కనబడలేదు. వాడికి కాస్త నిరుత్సాహమే అనుకుంటా, శాపం అబద్ధమని తేల్చేద్దామనుకున్నాడు పాపం.

అసలు జనం వచ్చేది బసవన్న కోసం. మండపంలో ఉన్న పెద్ద నంది పెరుగుతోందని నమ్మకం. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లట, ఇప్పుడు స్తంభానికీ నందికీ మధ్య మనిషి దూరే సందు లేదు. కలియుగాంతంలో యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారి కాలజ్ఞానం చెబుతుందన్న సంగతి తెలుగువాళ్లలో తెలియనివాళ్లు తక్కువ. ఇరవై ఏళ్లకి ఒక అంగుళం అని అక్కడ అందరూ చెప్పే లెక్క.

"మాస్టారూ, రాయి పెరుగుతుందా అండీ?" అని అమ్మే అడిగింది.

ఆయన వెంటనే జవాబివ్వలేదు. నందికి దణ్ణం పెట్టుకుని, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, "దీని సంగతి నన్ను అడక్కండమ్మా. నిజంగా పెరిగే రాయి రేపు చూపిస్తాను" అన్నారు.

రాత్రి బస ఒక లాడ్జిలో. పదింటికి నీళ్లు ఆగిపోయాయి. కింద కుర్రాణ్ని అడిగితే "మోటరు కాలిపోయింది సార్, పొద్దున్నే అయితాది" అన్నాడు. పొద్దున కాలేదు. రెండు క్యాన్ల మినరల్ వాటర్‌తో పన్నెండుమందిమి మొహాలు కడుక్కున్నాం. ఎప్పుడూ నీళ్లు ఆగని యాగంటి పక్కనే ఇంత అదృష్టం!

రెండో రోజు

బనగానపల్లె నుంచి బెలుం వైపు వెళుతుంటే నేల రంగు మారిపోతూ వచ్చింది. నల్లరేగడి, మధ్యలో శెనగ చేలు. చేల గట్లు కూడా రాతి పలకలే, నిలువుగా పాతినవి. పశువుల పాకకి గోడలు పలకలు, బస్టాప్‌కి బల్ల పలక, బడి ముందు అరుగు పలక. మిగతా చోట్ల ఇటుకో కర్రో వాడే ప్రతి పనికీ ఇక్కడ నాపరాయే. కొలిమిగుండ్ల దగ్గరపడేకొద్దీ రోడ్డు పక్కన పాలిష్ ఫ్యాక్టరీలు, వాటి ముందు పేకముక్కల్లా ఆనించి పెట్టిన బండలు. తెల్లటి రాతిబురద కాలవల్లో పారుతోంది.

"ఇవేనమ్మా మీ గట్టు తాలూకు చుట్టాలు" అన్నారు మాస్టారు. అమ్మ కిటికీలోంచి చాలాసేపు చూసింది.

బెలుం గుహలకి వెళ్లేవాళ్లు కొండ కోసం వెతుకుతారు. కొండేం ఉండదు. చదునైన పొలం, దూరంగా పెద్ద బుద్ధుడి విగ్రహం, నేలలో బావుల్లాంటి గోతులు మూడు. వాటిలో ఒకదాంట్లోకి మెట్లు కట్టారు. 'బిలం' అన్న మాటే బెలుం అయిందంటారు, చూస్తే అది నిజమే అనిపిస్తుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయుడు దీని గురించి రాసిపెట్టాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవాళ్లు లేరు. 1982, 83లలో డేనియల్ గెబౌర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. 3,229 మీటర్లు. ఇంత జరిగాక కూడా 1988 దాకా చుట్టుపక్కల చెత్త ఇందులోనే పోసేవాళ్లట. పర్యాటక శాఖ బురద తవ్వి, దారి వేసి, దీపాలు పెట్టి 2002లో జనానికి తెరిచింది. ఇప్పుడు మనల్ని వెళ్లనిచ్చేది ఒకటిన్నర కిలోమీటర్ల దాకా.

లోపల మాకు ఇంకో గైడు తోడయ్యాడు, చుట్టుపక్కల ఊరి కుర్రాడే. "తలకాయలు జాగర్త సార్, ఈడ వంగల్ల. అమ్మా, నువ్వు నా చెయ్యి పట్టుకో" అంటూ ముందు నడిచాడు. గుహ అంటే చల్లగా ఉంటుందనుకుని శాలువా తెచ్చుకున్న అమ్మ పది నిమిషాల్లో దాన్ని నా నెత్తిన పడేసింది. లోపల ఉక్క. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అక్కడక్కడా గొట్టాల్లోంచి బయటి గాలి పంపు చేస్తారు, ఆ గొట్టం కింద జనం గుమిగూడి, కదలమన్నా కదలరు.

సింహద్వారం, కోటిలింగాలు, మర్రి ఊడలు, వేయి పడగలు అని ప్రతిదానికీ పేరుంది. గైడు టార్చి వేసి "అదో సింగం మొగం, చూసినారా?" అనేదాకా నాకు ఉత్త రాయే. అన్నాక మాత్రం సింహం తప్ప ఇంకేం కనబడదు. పేరు పెట్టడం అంటే ఒకరకంగా మన కళ్లని కట్టిపడేయడమే. ఒక్క వేయి పడగల గదిలో మాత్రం పేరు అక్కర్లేకపోయింది. పైకప్పు నిండా పాములు పడగ విప్పి మన మీదికి వంగినట్టే ఉంటాయి. పిల్లవాడు వాళ్ల నాన్న వెనక్కి వెళ్లిపోయాడు. ఎటొచ్చీ ఆ ఎరుపూ పసుపూ లైట్లే నాకు నచ్చలేదు. రాయికి ఉన్న రంగు మనం చూడకుండా ఎవరో పెళ్లి పందిరి దీపాలు వేసినట్టుంది. ఒక చోట కరెంటు పోయి అర నిమిషం చీకటైంది. అందరూ కేకలు వేశారు గానీ, గుహని గుహగా చూసింది ఆ అర నిమిషంలోనే.

మలుపు దగ్గర గోడ నున్నగా, నల్లగా, అలలు తిరిగి ఉంది. అమ్మ ఆగి అరచెయ్యి పెట్టింది. ఇంట్లో అంట్లు సర్దాక గట్టు మీద చెమ్మ ఉందో లేదో చూడటానికి చెయ్యి ఎలా రాస్తుందో అచ్చం అలాగే రాసింది.

"ఒరేయ్, ఇది మన గట్టేరా."

మాస్టారు వెనక్కి తిరిగారు. "గట్టు మీద నిమ్మచెక్క పెట్టి మర్చిపోతే ఏమవుతుందమ్మా?"

"తెల్లగా మచ్చ పడుతుంది. మళ్లీ పోదు. చింతపండు పులుసు ఒలికినా అంతే."

"పులుపు ఆ రాయిని కొంచెం తినేసిందన్నమాట. ఇక్కడ జరిగిందీ అదే. నిమ్మకాయ బదులు వాన."

వానచుక్క గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుంటుంది, గోళీసోడాలో ఉండే గ్యాసే. దాంతో నీళ్లకి లేశమంత పులుపు వస్తుంది. మన నాలుకకి తెలియనంత. ఆ నీళ్లు సున్నపురాయి పగుళ్లలోకి దిగి, అంచుల్ని కరిగించి, పగులు సందైంది, సందు దారైంది, దారి గదైంది. కరిగిన సున్నం నీళ్లతోనే పోతుంది. ఆ నీళ్లే గుహ కప్పు నుంచి చుక్కలుగా జారేటప్పుడు గ్యాసు గాల్లోకి పోయి, ఆ సున్నంలో కొంచెం మళ్లీ రాయిగా మిగిలిపోతుంది. మాస్టారు టార్చి పైకి తిప్పారు. ఒక కొస నుంచి చుక్క వేలాడుతోంది. అందరం మాట్లాడటం మానేశాం. చుక్క పొడుగై, సన్నగా ఊగి, పడింది. దాని కింద నేల మీద గుండ్రటి బొడిపె ఒకటి తడిగా మెరుస్తోంది.

"నిన్న చూపిస్తానన్నది ఇదేనమ్మా. ఇది పెరుగుతుంది. మీరూ నేనూ చూడటానికి బతకం, అంతే."

అమ్మ వంగి ఆ బొడిపె వంక చూసింది. దణ్ణం పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు గానీ, పిల్లవాడు దాని మీద కాలు పెట్టబోతే భుజం పట్టుకుని లాగింది.

సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్లని తడితే గంటలా మోగుతాయి. ఇప్పుడు తట్టనివ్వరు, ఎన్నో విరిగాయి. అన్నిటికన్నా లోతున, నలభై ఆరు మీటర్ల అడుగున, పాతాళగంగ. సన్నటి నీటి పాయ రాళ్ల మధ్య కనబడి మళ్లీ రాళ్లలోకే దూరిపోతుంది. అది రెండు కిలోమీటర్ల దూరంలో బెలుం ఊళ్లోని బావికి చేరుతుందని నమ్మకం. గైడు కుర్రాడు చెప్పులు పక్కన విడిచి, నీళ్లు దోసిట్లో తీసుకుని నెత్తిన చల్లుకున్నాడు. రోజుకి ఎన్నిసార్లు దిగుతాడో, అన్నిసార్లూ చల్లుకుంటాడట. ఈ గుహల్లో ఒకప్పుడు బౌద్ధ, జైన సన్యాసులు ఉండేవాళ్లని చెబుతారు. ధ్యానమందిరం అనే చోట రాతిలో పరుపులాంటి తిన్నె ఉంది. కాసేపు కూచున్నాను. ఆ ఉక్కలో ధ్యానం కుదిరిందంటే వాళ్లు నిజంగా గట్టివాళ్లే.

పైకొచ్చి గాలి పీల్చుకున్నాక అందరికీ ఒకేసారి ఆకలేసింది. జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి, వంకాయ. జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి పొద్దు వాలిపోయింది. ఇక్కడ రూములు మంచివి, నీళ్లూ వచ్చాయి. రాగి సంగటి, నాటుకోడి పులుసు. అమ్మకి పప్పు.

మూడో రోజు

అయిదున్నరకి మాస్టారు తలుపులు కొట్టారు. చీకట్లో కోటలోంచి నడిచి, మసీదు దాటి, బండల మీదుగా లోయ అంచుకి వెళ్లాం. చివరి వంద గజాలు రాళ్ల మీద రాళ్లు ఎక్కి దిగాలి. అమ్మ ఒక చదునైన బండ చూసుకుని "నేనిక్కడే" అని కూచుంది. మంచి పనే చేసింది. అంచున కంచె లేదు, ఏమీ లేదు, రాయి ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద ఎక్కడో పెన్న.

సూర్యుడు రాకముందు అంతా బూడిద రంగు. ఎదుటి గోడ పైఅంచు మొదట ఎర్రబడింది. ఆ ఎరుపు పొర పొరగా కిందికి దిగుతూ వచ్చింది. పలకలు, దిమ్మలు, ఎవరో కొలిచి కోసి పేర్చినట్టు. మధ్య మధ్య ఒక దిమ్మ ముందుకి పొడుచుకొచ్చి, దాని కింద ఖాళీ. "అట్ల దొంతరలా ఉందిరా" అని వెనక నుంచి అమ్మ అరిచింది. నా వెనకాల పోజులిచ్చేవాళ్లు ఇద్దరు ఆ పొడుచుకొచ్చిన దిమ్మ కొసకి వెళ్లి కాళ్లు వేలాడదీశారు. మాస్టారు ఏమీ అనకుండా వాళ్ల దగ్గరికి వెళ్లి, ఆ దిమ్మకీ వెనక బండకీ మధ్య ఉన్న పగులు చూపించారు. ఇద్దరూ మెల్లగా లేచి వచ్చేశారు.

ఈ రాయి బెలుం రాయిలాంటిది కాదు. సముద్రపు ఇసక గట్టిపడి రాయైంది. దీని మీద నిమ్మకాయలు బుట్టెడు పిండినా మరక పడదు. కరగదు కాబట్టి విరుగుతుంది. అడ్డంగా ఇసక పరుచుకున్న పొరలు, నిలువుగా పగుళ్లు. రెండూ కలిసే చోటల్లా దిమ్మ ఊడి పడుతుంది. అందుకే అన్ని మూలలు, అన్ని అంచులు. ఇవన్నీ కడప బేసిన్ అని పిలిచే పల్లం తాలూకు రాళ్లు. ఆ పల్లం పుట్టి దాదాపు 190 కోట్ల ఏళ్లు. శంఖాలూ చేపలూ ఇంకా పుట్టని కాలం కాబట్టి ఇందులో వాటి గుర్తులు వెతకొద్దన్నారు మాస్టారు. పిల్లవాడు అప్పటికే జేబు నిండా రాళ్లు ఏరేశాడు.

కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలిసే పెన్న, ఇక్కడ ఎర్రమల కొండల్ని అడ్డంగా కోసుకుపోయింది. ఆ కోతే గండి, గండి మీది కోట గండికోట. పెమ్మసాని నాయకులు దీన్ని ఎందుకు ఎంచుకున్నారో అంచున నిలబడితే చరిత్ర చదవకుండానే తెలుస్తుంది. ఒక పక్క గోడ కట్టే పని ఏరే చూసుకుంది.

టిఫినయ్యాక కోట తిరిగాం. మాధవరాయస్వామి గుడిలో దేవుడు లేడు, గోపురం మాత్రం దూరానికే కనబడుతుంది. రంగనాథస్వామి గుడి, ధాన్యాగారం, జైలు, కత్తుల కోనేరు, పావురాల గోపురం. ధాన్యాగారం లోపల గబ్బిలాల వాసన. జామా మసీదు తోరణాల్లోంచి చూస్తే గుడి గోపురం సరిగ్గా మధ్యలో పడుతుంది. ఫొటో అందరూ తీస్తారు, నేనూ తీశాను. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటని పట్టుకున్నాక, 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఆయన్ని కలవడానికి ఇక్కడికొచ్చాడు. గుళ్లలోని రాగి విగ్రహాల్ని కరిగించి ఫిరంగులు పోయించాలని మీర్ జుమ్లా చూశాడని, గండికోట గుడివి ఆరు మాత్రం ఎంత చేసినా కరగలేదని రాసిపెట్టాడు. ఇది విన్న అమ్మకి కోట మీద గౌరవం పెరిగింది.

ఒక్క సంగతి బాధ పెట్టింది. లోయ అంచున రాళ్ల మీద పెయింటుతో పేర్లు, గుండె బొమ్మలు, బాణాలు. సందుల్లో బిర్యానీ ప్యాకెట్లు, సీసాలు. మాస్టారు ఒక సంచీ తెచ్చి, నడిచినంత మేరా ఏరుతూ వచ్చారు. మొహమాటానికి మేమూ ఏరాం. తర్వాత మొహమాటం పోయింది.

తిరుగు దారిలో ఒక పాలిష్ యూనిట్ దగ్గర ఆపమని అమ్మే అడిగింది. రంపం చప్పుడు, నీళ్లు, మోకాలి దాకా తెల్లటి బురద. లోపల ఒకతను పచ్చిబండని నిలబెట్టి, పొరలో ఉలి పెట్టి రెండు దెబ్బలు వేశాడు. బండ రెండు పలకలుగా విడిపోయింది, అట్ల కాడతో తీసినంత తేలిగ్గా. విడిపోయిన ముఖం మీద సన్నటి అలల గీతలు. ఎండ చూడటం అదే మొదటిసారి అనుకుంటా. నేను దాని మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాను.

ఓనరు బయటికొచ్చాడు. "ఎన్ని అడుగులు కావల్ల సార్? వంటింటికా? నల్లది ఉండాది, పాలిష్‌ది ఉండాది. పాతది తీసేస్తాండారా?"

ఇక గ్రానైట్ గొడవ తీరిపోయినట్టే అనుకుని అమ్మ వంక చూశాను. ఆవిడ పలకని వేలితో మీటి చూసి, ఓనరు వైపు తిరిగింది.

"కోట్ల ఏళ్లు వాననీళ్లకే కరిగిపోయిందట బాబూ ఇది. నేను దీని మీద పులుసు ఎలా పెట్టుకోను? గ్రానైట్ ఎక్కడ దొరుకుతుందో చెప్పు."